ఆరు రాళ్లు, ఏడు స్తంభాలు

కుముదావతీ నగరానికి ఉత్తరాన నీలశృంగమనే కొండ ఉంది. పొద్దున్నే చూస్తే ఆకాశంలోంచి ఒక ముక్క విరిగి నేలమీద కూర్చున్నట్టుంటుంది. మధ్యాహ్నానికి నెమలి మెడ రంగు, పొద్దు వాలేసరికి నేరేడుపండు రంగు. కొండ నడుములోంచి శంఖినీ నది జలపాతమై దూకుతుంది. ఆ తుంపరలో ఏడాది పొడుగునా ఇంద్రధనుస్సు ఒకటి వేలాడుతూనే ఉంటుంది. పెళ్లయిన కొత్త జంటలు దాని కింద నిలబడి, తడిసి, నవ్వుకుంటూ తిరిగి రావడం ఆ ఊరి ఆచారం.

ఆ జలపాతం వెనక గుహలో ఘూర్ణకేతుడనే మాంత్రికుడు ఒక చక్రం నిలిపాడు. అది తిరగడం మొదలైన రోజున కొండ కడుపులోంచి ఒక నాదం బయలుదేరింది. తుమ్మెద పువ్వులో దూరినప్పటి సద్దులాంటిది. వినబడుతోందో లేదో తెలియనంత సన్ననిది. విన్నవాళ్లు విన్నచోటనే రెప్పలు సగం వాల్చేశారు. ఎవరి మనసులో ఏ కోరిక ఉందో అది వచ్చి వాళ్ల కళ్ల ముందు నిలిచింది. ఆ కోరికతోనే వాళ్లు నడిచారు, నవ్వారు, కబుర్లు చెప్పుకున్నారు. పొయ్యిల మీద అన్నాలు మాడిపోయాయి. మహారాజు సింహాసనం మీద కూర్చుని, ఎన్నడో చనిపోయిన తమ్ముడితో చదరంగం ఆడుతున్నాడు. రోజుకు నూరుమంది తమ ఇళ్లలోని నాగటి కర్రులూ కత్తులూ తలుపు గొళ్లేలూ నెత్తిన పెట్టుకుని కొండెక్కి, మాంత్రికుడి గుహలో కుమ్మరించి వస్తున్నారు. అతనికి ఇంకా ఇనుము కావాలట.

కోరికంటే ఏమిటో తెలియని చంటిబిడ్డలకు మాత్రం ఆ నాదం పట్టలేదు. తల్లులు కలలో నవ్వుతుంటే వాళ్లు ఉయ్యాలల్లో ఏడుస్తూనే ఉన్నారు.

ఊళ్లో మెలకువగా మిగిలినది ఇద్దరే. పుట్టుచెవిటివాడైన గొర్రెల కాపరి బీరప్ప ఒకడు. కమ్మరి అంకాళి ఒకతె. అంకాళికి ఇరవై ఆరేళ్లు. ఎనిమిదో ఏట తండ్రి కొలిమి దగ్గర సమ్మెట పట్టింది. ఆ పోట్లకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవికి పక్కన నిలబడి అరిస్తే తప్ప అందదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట తెలుసుకుంటుంది. నలభై రోజులు వాళ్లిద్దరూ ఇంటింటికీ తిరిగి బిడ్డలకు మేకపాలు పట్టారు. నలభయ్యొకటో రోజుకు మేకలు వట్టిపోవడం మొదలైంది.

ఆ రోజే దేశాటనం ముగించుకుని యువరాజు ప్రియంకరుడు గుర్రం మీద తిరిగి వచ్చాడు. ఊరి బయటి వంతెన మీద అంకాళి అతని గుర్రానికి అడ్డంగా నిలబడింది.

“దిగు దొరా. ఈ వంతెన దాటినావంటే నువ్వూ వాళ్ల మాదిరే.”

“ఎవరు నువ్వు? నా ఊళ్లోకి నన్నే పోవద్దంటావా?”

“కమ్మరి అంకాళిని. నీ కత్తికి సానబెట్టేదాన్ని. మొగం నా దిక్కు తిప్పి మాట్లాడు, పెదాలు కనపడాల. ఆ పక్క సూడు.”

వంతెనకు అవతల రాజుగారి అశ్వశాల పెద్ద నిలబడి ఉన్నాడు. ముఖమంతా ఆనందం. లేని గుర్రానికి ఒళ్లు తోముతున్నాడు, లేని జూలును దువ్వుతున్నాడు. అతని పాదాలు పగిలి నెత్తురు ఎండి నల్లబడ్డాయి. ప్రియంకరుడు పేరు పెట్టి పిలిచాడు. ఆ మనిషి తల కూడా తిప్పలేదు.

యువరాజు గుర్రం దిగాడు. అంకాళి దూదిలో మైనం కలిపి ముద్ద చేసి అతని చేతికిచ్చింది.

“చెవుల్లో కుక్కుకో. కత్తి ఈడనే వదిలెయ్యి, ఆ కొండ కత్తుల్ని లాక్కుంటాది. ఈ గొంగళి కప్పుకో. ఇద్దరమూ నెత్తిన కర్రులు పెట్టుకుని వాళ్లతో కలిసి పోదాం.”

“వెళ్లి ఏం చేద్దాం?”

“సూస్తే గదా తెలిసేది,” అంది అంకాళి.

నిద్రలో నడిచేవాళ్ల వరస కొండమెట్ల మీద చీమలబారులా సాగుతోంది. వాళ్లెవరూ తూలడం లేదు, ఆయాసపడడం లేదు. తుంపర గాలికి తేలివచ్చి వాళ్ల ముఖాల మీద ముత్యాలై నిలుస్తోంది. ఒకడు వెళ్తూ వెళ్తూ గాలిలోంచి పళ్లు కోసి పక్కవాడికి పెడుతున్నాడు, పక్కవాడు తింటున్నాడు. వంగిపోయిన ఒక ముసలమ్మ చేయి చాచి, తన పక్కన ఎవరో నడుస్తున్నట్టు, ఆ ఎవరిదో వేలు పట్టుకుని పోతోంది. అంకాళి కూడా రెప్పలు వాల్చి, పెదవుల మీద ఒక నవ్వు అతికించుకుని నడిచింది.

ఆఖరి నూరు మెట్ల దగ్గర రాయి సన్నగా వణుకుతోంది. ఆ వణుకు అరికాళ్లలోంచి ఎముకల్లోకి ఎక్కింది. చెవులకు మైనం అడ్డం గానీ ఎముకలకు ఏది అడ్డం? సమ్మెట పోట్లకు మొద్దుబారిన అంకాళి ఎముకలను అది పట్టలేకపోయింది గానీ, ప్రియంకరుడి నడక మెత్తబడింది. అంకాళి గమనించి అతని చేయి గట్టిగా గిల్లింది. అతను ఆమె వైపు తిరిగి చంటిపిల్లాడిలా నవ్వాడు. అతని పెదాల మీద ఆమె చదివిన మాట ఒక్కటే, “అమ్మా, ఎప్పుడొచ్చావు?” రాణిగారు పోయి పదేళ్లయింది.

వరస ఆగలేదు. ఆమే ఆగితే దొరికిపోతుంది. యువరాజును వరసలోనే వదిలి, జలపాతపు తెర పక్కనుంచి గుహలో అడుగుపెట్టింది.

లోపల నీలి వెలుతురు. నీళ్ల తెరలోంచి వడబోసుకుని వచ్చిన ఎండ గోడల మీద చేపపిల్లల గుంపులా ఈదుతోంది. గుహ నడుమ పది బారల వెడల్పున ఒక టేకు చక్రం పడుకున్నట్టుగా తిరుగుతోంది. దాని ఇరుసు కింద ఒక గోతిలోకి దిగింది. అక్కడ తూములోంచి దూకే నీళ్లు రెక్కల్ని తోస్తున్నాయి. చక్రపు అంచున గుమ్మడికాయలంత నల్లటి రాళ్లు ఆరు. అవి సూదంటురాళ్లని అంకాళికి చూడగానే తెలిసింది. నెత్తిమీది కర్రు వాటివైపు తల తిప్పుకుని గుంజుతోంది. చక్రం చుట్టూ, రాళ్లకు పిడికెడు ఎడంలో, నిలువెత్తు ఇనుప స్తంభాలు ఏడు. నేలలో తొలిచిన గుండ్రటి రాతిగాడిలో, కొయ్య చీలల పట్టుతో అవి కదలకుండా నిలబడి ఉన్నాయి. ఆ నాదమంతా వాటిదే. రాయి ముందునుంచి పోయినప్పుడల్లా స్తంభం లోలోపల ఒకసారి ఉలిక్కిపడుతుంది. అలా ఏడూ వంతులవారీగా, ఎడతెగకుండా.

వరసతోబాటు కర్రును గుహ మూలనున్న గుట్టలో పడేసి తిరిగి వస్తూ, ఒక స్తంభం పక్కగా నడిచినప్పుడు అంకాళి దానిమీద అరచేయి ఆనించింది.

అంతే, ఆమెకు వినబడింది. పద్దెనిమిదేళ్లుగా వినబడని సద్దు. తండ్రి సమ్మెట దాగలి మీద పడుతున్న ఖణేలు ఖణేలు, కొలిమితిత్తి ఊపిరి, ఇంటి వెనక తల్లి రోకలి దంపు, చూరుకింద పిచ్చుకలు. ప్రతి సద్దూ కడిగిన ముత్యంలా విడివిడిగా ఉంది. తండ్రి తల ఎత్తి, “పొద్దెక్కింది, రా నాయనా” అన్నాడు. ఆ గొంతు ఎలా ఉండేదో తాను మరిచిపోయినట్టు ఆమెకు అప్పుడే తెలిసింది. అక్కడే ఉండిపోదామనుకుంది.

చేయి కాలింది. అంకాళి చటుక్కున వెనక్కి లాక్కుంది. పక్కన కొలిమి లేదు, నిప్పు లేదు, అయినా ఆ స్తంభం అప్పుడే పొయ్యి దింపిన పెనంలా ఉంది. నీటి బలమంతా చక్రంలోంచి ఈ ఇనుములోకి వచ్చి వేడిగానూ నాదంగానూ తేలిపోతోందని కమ్మరి బుద్ధికి తోచింది.

తల ఎత్తేసరికి ఎదురుగా ఒక మనిషి. సన్నగా, పొడుగ్గా, తెల్లటి జుట్టుతో. ఒంటిమీద ఇనుపరజను కూడా లేదు. కాళ్లకు పావుకోళ్లు, మొలకు నారబట్ట. చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది.

“కాలిన చేయి వెనక్కి తీసుకున్నావు,” అన్నాడు ఘూర్ణకేతుడు. “నిద్రలో ఉన్నవాళ్లు తీసుకోరు.”

పారిపోవడానికి దారి లేదు. అంకాళి అతని పెదాల వైపే చూస్తూ నిలబడింది. ఆమె చెవులు మందమని అతనికి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. చిన్నగా నవ్వి, వెలుతురు తన ముఖం మీద పడేలా జరిగి నిలబడ్డాడు.

“నలభై రోజులైంది ఒక మనిషితో మాట్లాడి. కూర్చో. ఈ తేనె రాసుకో, మంట తగ్గుతుంది. స్తంభాన్ని ముట్టుకున్నప్పుడు ఏం వచ్చింది నీకు?”

“మా నాయన గొంతు ఇనపడింది సామీ.”

“ఎలా ఉంది?”

అడిగిన తీరు అన్నం గురించి ఆకలిగొన్నవాడు అడిగినట్టుంది. అంకాళి కాలిన చేతికి తేనె రాసుకుంది.

“నాకు కలలు రావు,” అన్నాడు అతను. “పన్నెండో ఏట విద్య కోసం ఒక గురువు దగ్గర చేరాను. గురుదక్షిణగా నా కలను అడిగాడు. కల పోతే ఏం పోతుందిలే అని ఇచ్చేశాను. ఆయన దాన్ని ఎవరికో ఇచ్చాడు, ఎవరికో చెప్పకుండానే పోయాడు. ఎక్కడో ఒకడు నా కలను కంటున్నాడు. వాడి ముఖం చూస్తే నాకు తెలిసిపోతుంది. ఈ ఊళ్లో అందరి ముఖాలూ చూశాను, వీళ్లలో లేడు. ఇంకా నాలుగు రాజ్యాలున్నాయి.”

“బిడ్డలు పాలు లేక అల్లాడిపోతాండారు.”

“ఏ బిడ్డలు?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా స్తంభాల వైపు తిరిగాడు. “నాదం చాలడం లేదు. నది మలుపు దాకా పోయి ఆగిపోతోంది. చేతులు చూస్తే కమ్మరివి. చెప్పు, స్తంభాలు లావు చేయిస్తే నాదం పెరుగుతుందా?”

అంకాళి చక్రాన్ని చూసింది. ఆరు రాళ్లు, ఏడు స్తంభాలు. ఒక రాయి సరిగ్గా ఒక స్తంభానికి ఎదురుగా వచ్చినప్పుడు తక్కిన అయిదూ అటూ ఇటూ తప్పి ఉంటున్నాయి. కొన్ని వస్తూ, కొన్ని పోతూ. ఆమె ఇంకోసారి లెక్కపెట్టి చూసుకుంది. నెమ్మదిగా చెప్పింది.

“లావు చేస్తే లాభం లేదు సామీ. ఏడు ఎందుకు పెట్టినావు?”

“గురువు ఏడన్నాడు. ఎందుకో చెప్పలేదు.”

“ఏడుంటే ఒగ రాయి ఒగ స్తంభం కాడికి వచ్చేసరికి ఇంకో రాయి ఇంకోదాన్ని వదిలి పోతాంటాది. ఒగటి ముందుకు గుంజితే ఒగటి వెనక్కి గుంజుతాది. గుంజుడుకు గుంజుడు సరి. అందుకే సక్రం నున్నగా తిరుగుతాది, స్తంభాలు వంతులవారీగా సన్నంగా మూలుగుతాయి. ఒగదాన్ని తీసేసి ఆరింటినీ ఆరు రాళ్లకు ఎదురుగా నిలబెడితే, ఆరూ ఒక్కపాలే పట్టుకుంటాయి, ఒక్కపాలే మోగుతాయి. పల్లకి బోయీలు ఒక్క గొంతున హుమ్మన్నట్టు.”

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. “మోగుతాయి” అన్న మాట దగ్గరే ఘూర్ణకేతుడి కళ్లు మెరిశాయి. అంతకుముందు మాట అతని చెవుల్లోంచి జారిపోయింది.

“చక్రం ఆపితే వీళ్ల కల రెండు గడియలు నిలుస్తుంది, ఆపైన ఆరిపోతుంది. రెండు గడియల్లో చేయగలవా?”

“మనుషుల్నిస్తే చేస్తా.”

“ఇస్తాను. ఇందాకటినుంచి ఆ గొంగళి మనిషిని మూడుసార్లు చూశావు, నేను గమనించాను. తూము తాడు అతని చేతిలో ఉంటుంది, గోతి అంచున. నీ పనిలో మోసముంటే మొదట పోయేది అతనే.”

తూము పలక దిగింది, నీళ్లు ఆగాయి. చక్రం నెమ్మదించి, ఒకసారి ముందుకూ వెనక్కీ ఊగి నిలిచింది. నలభై రోజుల తర్వాత కొండ ఊపిరి బిగబట్టినట్టయింది.

ఆ తర్వాత అంతా పరుగే. అంకాళి గట్టి చండ్ర కర్రలూ దుంగలూ తెప్పించింది. చీలలు కొట్టించి ఒక్కొక్క స్తంభాన్నీ గాడిలో జరిపించింది. నిద్రలో ఉన్నవాళ్లు చెప్పినంత మాత్రం చేస్తారు, తోయమంటే ఆపమనేదాకా తోస్తారు. అక్కరలేని స్తంభాన్ని యాభైమంది మోకులతో లాగి గోడవారకు చేర్చారు. రెండోదీ మూడోదీ చోటుకు వచ్చాయి. నాలుగోదాన్ని జరుపుతుండగా దాని అడుగు చీల ఊడింది. స్తంభం తల, పక్కవాటున ఇంకా బారెడు దూరంలో ఉన్న సూదంటురాయి వైపు ఒరిగింది. ఆ రెంటి మధ్య కర్ర పట్టుకున్న ముసలమ్మ ఉంది, మెట్లమీద ఎవరిదో వేలు పట్టుకుని నడిచిన ఆమే. పైన పడబోతున్న ఇనుమును చూస్తూ ఆమె నవ్వుతూనే ఉంది. అంకాళి ఒక్క దూకు దూకి, దుంగను ఆ సందులో దూర్చి, భుజంతో ముసలమ్మను అవతలికి తోసేసింది. దుంగ పిండి పిండయింది. అది పిండి అయ్యేలోపల పదిమంది మోకు బిగించారు. స్తంభం మళ్లీ నిలువుగా నిలబడింది.

“ఇంకెంత?” అన్నాడు ఘూర్ణకేతుడు. నిద్రలో ఉన్నవాళ్లలో ఒకడి రెప్పలు అదురుతున్నాయి.

“రెండు ఉండాయి.”

ఆరో స్తంభం చోటులో కూర్చునేసరికి ఆరు రాళ్లు ఆరింటిని ముఖాముఖి చూస్తున్నాయి. పెళ్లిపీటల మీది జంటల్లా. అంకాళి చీలలు తన చేత్తోనే బిగించింది. ఎంత బిగువుగా కావాలో అంత బిగువుగా.

“ఎత్తు,” అని ఘూర్ణకేతుడు ప్రియంకరుడికి సైగ చేశాడు. ప్రియంకరుడు తాడు లాగాడు. నీళ్లు దూకి రెక్కల మీద పడ్డాయి. చక్రం కదల్లేదు.

“ఇంకా ఎత్తు.”

ఇరుసు మూలిగింది. చక్రం బెత్తెడు జరిగి, మళ్లీ వెనక్కి తన చోటికే పోయింది. ఆరు స్తంభాలూ ఆరు రాళ్లను గట్టిగా పట్టుకుని కూర్చున్నాయి.

గుహ మూలనుంచి ఎవరో పిల్ల గట్టిగా తుమ్మింది. తుమ్మి, “నేనెక్కడున్నాను?” అంది.

మాంత్రికుడు అంకాళి వైపు చూశాడు. “మోగుతాయి” కంటే ముందు ఆమె “పట్టుకుంటాయి” అన్నదని అతనికి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. కోప్పడలేదు. నేరుగా తూము దగ్గరికి నడిచి, యువరాజు చేతిలోని తాడును తానే పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు. తూము పలక పూర్తిగా లేచింది. శంఖినీ నది నదంతా గోతిలోకి దూకింది.

చక్రం పట్టు తెంచుకుంది. ఒక్క ఊపున ముందుకు ఎగిరి, ఆరు రాళ్లూ తర్వాతి ఆరు స్తంభాల మీదికి ఉరికాయి. ఆ ఉరుకుకు ఆరూ ఒక్కసారే మోగాయి. అంకాళికి కూడా వినబడింది. అరక్షణం పాటు గుహలోని ప్రతివాళ్ల ముఖం మీదా కల పూర్తిగా విచ్చుకుంది. వెయ్యి దీపాలు ఒక్కసారిగా వెలిగినట్టు. ప్రియంకరుడు చేతులు చాచి ఎవరి ఒడిలోకో వంగాడు. వంగింది గోతిలోకి.

రెండో ఊపుకు ఇరుసు విరిగింది. అంకాళి యువరాజు గొంగళిని రెండు చేతులా పట్టుకుని వెనక్కి పడింది. వాళ్ల కాళ్ల ముందునుంచే చక్రం ఒక పక్కకు ఒరిగి, అంచు పగిలి ముక్కలయింది. రాళ్లు ఊడి ఒక్కొక్కటీ దగ్గరి స్తంభానికి టప్పున అతుక్కున్నాయి. ఒకటి మాత్రం నేలమీద దొర్లి గుహ వాకిలి దాకా పోయింది. నీళ్లు రెక్కల ముక్కల్ని మోసుకుని బయటికి పారాయి.

తర్వాత జలపాతం సద్దు ఒక్కటే.

జనం మేలుకున్నారు. ఎవరూ కేకలు పెట్టలేదు. తమ పాదాలు చూసుకున్నారు, చేతుల్లో కర్రలు చూసుకున్నారు. ఒక తల్లి తన రవికె ముందుభాగం తడుముకుని, ఒక పేరు గొణుక్కుని మెట్ల మీదుగా పరుగెత్తింది. ఆమె వెనక ఇంకొక తల్లి, ఆ వెనక పదిమంది. చాలామంది ఉన్నచోటనే కూలబడి నిశ్శబ్దంగా ఏడ్చారు.

ప్రియంకరుడు చెవుల్లో మైనం తీసుకుని లేచి కూర్చున్నాడు. “ఎందుకు లాగావు నన్ను?” అన్నాడు. వెంటనే, “కాదు, ఆ మాట నేననలేదనుకో,” అన్నాడు.

“మాంత్రికుడు యాడ?”

గుహ వాకిట్లో దొర్లిపోయిన రాయి లేదు. నీళ్ల తెర అవతల మడుగులో కట్టి ఉన్న రెండు పుట్లలో, ఆ గుండ్రటి తోలుపడవల్లో, ఒకటి తాడు విప్పుకుని ప్రవాహంలో పడుతోంది. అందులో తెల్లజుట్టు మనిషి గుడ్డలో చుట్టిన ఆ రాయిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

అంకాళి అటు అడుగు వేసేలోపల ముసలమ్మ ఆమె కొంగు పట్టుకుంది.

“దాన్ని తిప్పమ్మా. ఒక్కతూరి తిప్పు. నీ కాళ్లకు మొక్కుతా.”

“అది ఇరిగిపోయిందవ్వా.”

“నువ్వు కమ్మరిదానివి. అతుకు.”

మడుగులో పుట్టి గుండ్రంగా తిరిగి దక్షిణానికి మళ్లింది. ప్రియంకరుడు ఆమె భుజం తట్టి, “అంకాళీ, పోతున్నాడు,” అన్నాడు. అంకాళి అటు చూసింది, ఇటు చూసింది. ముసలమ్మ ఎదుట గొంతుక్కూర్చుంది.

“ఎవరొచ్చినారవ్వా నీకు? సెప్పు. నా దిక్కు సూసి సెప్పు.”

“నా కొడుకు. కోదండం. ఏడేళ్లవాడు. నిరుడు కాదు, ముందటేడు కాదు, నలభై ఏళ్లయింది వాడు ఏట్లో పోయి. వాడికి కుడిచేతి వేలు వంకర. ఆ వంకరవేలే పట్టుకుని నడిచినా మెట్లన్నీ. జొన్నరొట్టె అడిగినాడు. కాల్చి పెట్టినా. వేడిగా ఉందని ఊదుకుంటా తిన్నాడు.” పెదవులు కాసేపు ఊరికే కదిలాయి. “ఇంతకాలం ఎవరికీ సెప్పలేదు వాడి వేలు సంగతి. సెప్తే ఎవరికి కావాల?”

“నాకు తెలిసింది గదా. కుడిచేతి వేలు వంకర, కోదండం.”

ముసలమ్మ కొంగు వదిలింది. వదిలి, తానే ముందు లేచి, కుంటుకుంటూ మడుగు దాకా వచ్చి, రెండో పుట్టి తాడు విప్పి పట్టుకుంది. “పో. ఆ మాంత్రికుణ్ణి గూడా నీళ్లలో పడనీకు, ఎవురినీ పడనీకు,” అంది.

శంఖినీ నది నీలశృంగం దిగాక లోయలో పడి మెత్తబడుతుంది. రెండు గట్లా మొగలిపొదలు, నీళ్ల మీద పసుపురంగు పుప్పొడి. పడమటి ఎండ వంగి వాటిలోంచి నడిచి వస్తోంది. పుట్టి ఆకులా తిరుగుతూ పోతుంటే కొండలు కూడా దాని చుట్టూ తిరుగుతున్నట్టుంది. ప్రియంకరుడు తెడ్డు వేస్తున్నాడు. ముందరి పుట్టి రెండు మలుపుల ఎడంలో చుక్కలా కనబడుతూ, దాగుతూ ఉంది.

“అతనికి ఆ ఒక్క రాయి చాలా?” అని అడిగాడు అతను, ముఖం ఆమె వైపు తిప్పి.

“రాయి ఒగటుంటే సాలు దొరా. ఇనుము యాడైనా దొరుకుతాది.”

మూడో మలుపు తిరగగానే ఆ మాటకు ఎవరో సాక్ష్యం చెప్పినట్టు పొరుగున ఉన్న వైజయంత రాజ్యపు కోట ఎదురైంది. నది కోటలోకే పారుతోంది. రెండు బురుజుల నడుమ, నీటి మీదికి దింపడానికి పైన ఎత్తి పెట్టిన ఇనుప చువ్వల తలుపు, చువ్వ ఒక్కొక్కటీ తాడిచెట్టంత. ఘూర్ణకేతుడి పుట్టి అప్పటికే దాని కిందికి చేరింది. అది అక్కడ ఒకసారి జర్రున పక్కకు ఒరిగి, చువ్వల వైపు గుంజుకుపోయి, పెనుగులాడి విడిపడింది. లోపలి మెట్ల మీద అతను దిగాడు. కావలివాళ్లు చుట్టూ మూగారు. అతను చేతులు జోడించి, వణుకుతూ, నది వైపు చూపించి ఏదో చెబుతున్నాడు. ముసలివాడు, తడిసినవాడు, ఒళ్లో మూటను బిడ్డలా అదుముకున్నవాడు. వాళ్లలో ఒకడు తన ఉత్తరీయం తీసి అతనికి కప్పాడు.

గొలుసులు కదిలాయి. చువ్వల తలుపు నీళ్లలోకి దిగుతోంది. బురుజుల మీద విల్లులు వంగాయి. ఒక నాయకుడు దోసిలి నోటికి పెట్టుకుని గట్టిగా ఏదో అరిచాడు. అంకాళికి ఆ దూరం నుంచి పెదాలు అందలేదు. ప్రియంకరుడి తెడ్డు మాత్రం ఆగింది.

“ఏమంటాండారు?”

“నీలశృంగం మీద ఊరు ఊరంతటినీ నిద్రపుచ్చిన మాంత్రికురాలివి నువ్వేనట. నన్ను నీ వశం చేసుకున్నావట. చేతులు కట్టించుకుని లొంగితే చెరసాలకు, లేకపోతే బాణాలకు అంటున్నారు.” అతను గొంతు తగ్గించాడు. “నేను యువరాజునని చెప్పినా నమ్మరు. ఈ గొంగళిలో ఎవరు నమ్ముతారు? వెనక్కి తిప్పనా? మొగలిపొదల్లోకి పోగలం.”

అంకాళి దిగుతున్న తలుపును చూసింది. నీటికీ చువ్వల మొనలకూ మధ్య ఇంకా మనిషెత్తు సందుంది. లోపల, మెట్లపైన, ఉత్తరీయం కప్పుకున్న ముసలివాడు కావలివాళ్ల ముఖాల్లోకి ఒక్కొక్కరి ముఖంలోకీ ఆశగా తొంగి చూస్తున్నాడు.

“ఆ చెరసాల కోట లోపలేనా?” అని అడిగింది.

“లోపలే.”

“అయితే తెడ్డు ముందుకెయ్యి దొరా,” అని, పుట్టిలో లేచి నిలబడి, కాలిన చేయినీ కాలని చేయినీ కలిపి, కట్టుకోండని ముందుకు చాచింది.